మోషే మాట వినలేకపోయిన పనివారు

చదువవలసిన వాక్యభాగము: నిర్గమకాండము 5వ అధ్యాయము, 6వ అధ్యాయము 1 నుండి 13 వచనములు



మండుచున్న పొదను గూర్చియు, పది తెగుళ్లను గూర్చియు, ఎఱ్ఱసముద్రమును గూర్చియు మన ఆదివారపు బడి పిల్లలైనను తడుముకొనకుండ చెప్పుదురు. అయితే పొదకును తెగుళ్లకును నడుమ ఒక చిన్న వచనము కలదు. నిర్గమకాండము ఆరవ అధ్యాయము తొమ్మిదవ వచనము. దాని మీద ప్రసంగము వినినవారు మనలో అరుదు. ఈ మాసమున ఆ ఒక్క వచనము నొద్దనే కూర్చుండి ధ్యానింతము.

జరిగిన సంగతి యిది. దేవుడు మోషేకు గొప్ప వాగ్దానము లిచ్చెను. బరువుల క్రిందనుండి మిమ్మును వెలుపలికి తెచ్చెదను, దాస్యమునుండి విడిపించెదను, నా ప్రజలుగా చేర్చుకొందును, పితరులకు ప్రమాణము చేసిన దేశమునకు తోడుకొని పోయెదను అను భావము గల మాటలవి. పాత నిబంధనలో ఇంతకంటె శుభమైన వర్తమానము వెదకిన దొరకదు. మోషే ఆ మాటలను ఉన్నవి ఉన్నట్లు పోయి చెప్పెను. వారు వినలేదు.

ఎందుకు వినలేదు? వారి హృదయము కఠినపడెనని అక్కడ వ్రాయబడలేదు. విగ్రహములను పూజించుచుండిరని వ్రాయబడలేదు. విశ్వాసము చాలలేదనియు వ్రాయబడలేదు. రెండే కారణములు చెప్పబడినవి: వారి మనస్సులోని వ్యాకులము, వారి మీదనున్న కఠినమైన చాకిరి. తెలుగు బైబిలులో మనోవ్యాకులమని చదువుకొను ఆ మాట హెబ్రీ మూలములో ఇంకను సూటిగా నున్నది. దాని అక్షరార్థము 'ఊపిరి కురచయగుట'. హెబ్రీ భాషలో గాలికిని, ఊపిరికిని, ఆత్మకును ఒక్కటే మాట. మూట నెత్తిన పెట్టుకొని గుట్ట యెక్కుచున్న మనుష్యుని మీరు పలుకరించి చూడుడి. అతడు మంచివాడే, మీ స్నేహితుడే, గాని ఆ క్షణమున మీ మాటకు బదులు చెప్పుటకు అతని యొద్ద ఊపిరి లేదు. ఇశ్రాయేలీయుల స్థితి అదే. ఆత్మకు ఊపిరాడని వానికి దేవుని వాగ్దానమైనను లోపలికి పోదని పరిశుద్ధ గ్రంథమే ఒప్పుకొనుచున్నది. ఈ మాటను మనమెన్నటికిని తేలికగా తీసుకొనరాదు.

ఆ స్థితి ఎట్లు వచ్చెనో ఐదవ అధ్యాయము పూసగ్రుచ్చినట్లు చెప్పుచున్నది. ఇటుకల మట్టిలో కలుపుటకు అదివరకు ప్రభుత్వమే గడ్డి ఇచ్చుచుండెను. ఫరో గడ్డి ఆపివేసెను, ఇటుకల లెక్క మాత్రము తగ్గింపలేదు. జనులు గడ్డికి బదులుగా కొయ్యకాలు ఏరుకొనుటకు దేశమంతట చెదరిపోయిరి. లెక్క తక్కువైనప్పుడు దెబ్బలు తినినది ఎవరు? ఇశ్రాయేలీయులలోనుండియే ఏర్పరచబడిన నాయకులు. పైవాని కోపమును, క్రిందివాని కన్నీటిని ఒక్కమారే మోయు నడిమి మనుష్యులు వారు. ఇప్పటి కాలమున సూపర్‌వైజరు, మేస్త్రీ అని పిలువబడువారి పని యిట్టిదే. ఆ నాయకులు ఫరో యొద్దకు పోయి మొరపెట్టగా అతడు చెప్పిన జవాబు ఒక్కటే: మీరు సోమరులు. పని లెక్కను సరిచూడనొల్లని ప్రతి యజమానునికిని ఆ మాట నోటికి అందుబాటులోనే యుండును.

ఇప్పుడు తొమ్మిదవ వచనము తరువాత ఏమి జరిగెనో చూడుడి. జనులు తన వర్తమానమును విననప్పుడు దేవుడు వారిని గద్దింపలేదు. వారి యొద్దకు మరల పోయి ఇంకను గట్టిగా ప్రసంగింపుమని మోషేతో చెప్పలేదు. ఫరో యొద్దకు పొమ్మనెను. పదియవ వచనము, పదకొండవ వచనము చదువుడి. పనివాని మనస్సు నలిగిపోయినప్పుడు దేవుడు తన సేవకుని పని పెట్టినవాని యింటికి పంపెను. ఈ త్రోవను మనము చాల కాలముగా తప్పించుకొని తిరుగుచున్నామని మాకు తోచుచున్నది.

మన అనంతపురపు మెట్ట భూములను గూర్చి ఇచ్చట వ్రాయ నవసరము లేదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు వేరుసెనగ పూతకు వచ్చినప్పుడు ముఖము చాటేయును, కోత కల్లములో నున్నప్పుడు వచ్చి కాయను నల్లబరచును. చేను అన్నము పెట్టనప్పుడు మనవారు కూలికి పోవుదురు. కొందరు బెంగుళూరులో కట్టడపు పనికి, కొందరు హిందూపురము ప్రక్క కంపెనీలకు, 2019 తరువాత పెనుకొండ ప్రక్కన వచ్చిన కార్ల కర్మాగారమునకును దాని చుట్టునున్న చిన్న కార్ఖానాలకును పోవుచున్నారు. అందరికంటె ముందునుండి అనేకులు పోయిన చోటు ధర్మవరము. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయెను గాని, మన ఇండ్ల పెండ్లిండ్లకు పట్టుచీర వచ్చుట మాత్రము చిత్రావతి యొడ్డునున్న ఆ ఊరినుండియే.

ఆ చీర ఎట్లు వచ్చునో కట్టుకొనువారికి తెలియదు. షావుకారు పట్టు, జరీ కొని, రంగులు వేయించి, రెండు మూడు చీరలకు సరిపడు పడుగును, దానికి తగిన పేకను నేతగానికి ఇచ్చును. నేతగాడు తన యింటి మగ్గపు గుంతలో కాళ్లు దింపుకొని నేయును. భార్య, తల్లి కండెలు చుట్టుదురు. చీర నేసి తెచ్చినప్పుడు షావుకారు దానిని విప్పి వెలుగులో పట్టి చూచి మజూరి ఇచ్చును. పోగు తప్పియుండిన కోత పడును. పెండ్లికో, జబ్బుకో, ఇంటి కప్పుకో తీసుకొనిన అడ్వాన్సు ప్రతి చీర మజూరిలోనుండి కొంత కొంత తరుగును. అది తీరకమునుపే ఇంకొకటి తీసుకొనవలసి వచ్చును గనుక తీరదు. బాకీ యున్నంత కాలము వేరొక షావుకారు యొద్దకు పోరాదు.

ఇది ఫ్యాక్టరీ కాదు గనుక, ఇచ్చట ఉద్యోగి ఎవడు, యజమానుడు ఎవడు అని చట్టము తడబడును. పనివానికి మాత్రము ఏ తడబాటును లేదు. గేటు లేదు, గంట లేదు, సెలవు చీటి లేదు. పని విడిచి ఇంటికి పోవుదమన్న, పనియే ఇంటిలో గుంత త్రవ్వుకొని కూర్చున్నది. రాత్రి పండుకొనిన చోటికి రెండు బారల దూరములో సగము నేసిన చీర కనబడుచుండును. పట్టణపు ఆఫీసులోనివాడు సాయంకాలము బల్ల మీద కాగితములు విడిచి వచ్చుననుకొందురు. ఇప్పుడు అతనికిని ఆ భాగ్యము లేదు. చేతిలోని ఫోను అతనికి మగ్గపు గుంతయైనది.

గడ్డి ఆగిపోవుటయన నేమో మగ్గము దగ్గర చూడవచ్చును. పట్టు ధర పెరిగిన సంవత్సరమున షావుకారు తక్కువ కొనును, మజూరి పెరుగదు. మరమగ్గముల మీద అదే అంచు, అదే బుటా ముద్రించినట్లు దిగి, చేనేత చీర ప్రక్కనే సగము ధరకు అమ్ముడుపోవును. అంచు గల పట్టుచీరను చేనేతకే ప్రత్యేకించిన 1985 నాటి చట్టమున్నది గాని, చట్టము పుస్తకములో నున్నది, మరమగ్గము వీధిలో నున్నది. గట్టి వాన పడిన వారమున గుంతలోనికి చెమ్మ ఊరి మగ్గము ఆగును. వాన కొరకు ఏడ్చు దేశములో వాన వచ్చినను ఏడ్చువాడు నేతగాడొక్కడే! 2020లో కరోనా వలన దేశమంతయు మూతబడినప్పుడు పెండ్లిండ్లు ఆగినవి, చీరలు షావుకార్ల అరలలో నిలిచిపోయినవి, పడుగు వచ్చుట నిలిచెను. 2019 డిసెంబరు 21వ తేదీన ఇదే ధర్మవరములో అప్పటి ప్రభుత్వము నేతన్న నేస్తమను పథకమును ప్రారంభించి, సొంత మగ్గము గల కుటుంబమునకు ఏటికి 24,000 రూపాయలు ఇచ్చుటకు పూనుకొనెను. అది మేలే. అయితే పరుల మగ్గము మీద కూలికి నేయువానికి సొంత మగ్గము ఎక్కడనుండి వచ్చును? తమ ప్రాణము తామే తీసుకొనిన నేతగాండ్ర వార్తలు ఆ ఊరినుండి అనేక సంవత్సరములుగా పత్రికలలో వచ్చుచునే యున్నవి. మన ఊళ్ల రైతుల వార్తలును అట్టివే.

మా సంఘమునకు చెందిన ఒక సహోదరుడు చిన్ననాడే చేను విడిచి అచ్చట నేత నేర్చుకొని, కూలి మగ్గము మీద బ్రదుకుచుండెను. అతని పేరు చెప్పము. మంచి పనివాడు. జకార్డు అట్టల పని బాగుగా తెలిసినవాడు. పండుగలకు ఊరికి వచ్చినప్పుడు గుడిలో మృదంగము వాయించువాడు. కరోనా తరువాతి సంవత్సరము అతడు మృదంగము ముట్టుకొనలేదు. ఆ మరుసటి పండుగకు రానేలేదు. మేము ధర్మవరము పోయి చూచితిమి. మనిషి చిక్కిపోయి, గడ్డము పెరిగి, మగ్గము ప్రక్కన గోడకు ఆనుకొని యుండెను. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చునట, మరల నిద్ర పట్టదట. పగలు పోగులు లెక్క తప్పును. రెండు చీరలకు కోత పడెను. కోత పడుటచేత ఇంకను చేయి వణకును.

మాకంటె ముందు ఇద్దరు ముగ్గురు విశ్వాసులు వచ్చి పోయియుండిరి. వారు ప్రేమతోనే వచ్చిరి. సంతోషముగా నుండుము, విశ్వాసము తగ్గెను గనుక దిగులు పట్టినది, ఉపవాసముండి ప్రార్థించుము అని చెప్పిరట. అతని భార్య కండెలు చుట్టుచునే మాతో అనినది: "ఇనపడతాది అయ్యగారూ, లోపలికి పోదు. పోగు తెగితే అతికేకి కూడా చేతులు ఆడ్డం లేదు ఈయనకు." అక్షరము రాని ఆ సహోదరి నిర్గమకాండము ఆరవ అధ్యాయము తొమ్మిదవ వచనమునకు చెప్పిన వ్యాఖ్యానము ఏ గ్రంథములోను మాకు దొరకలేదు.

ఆ దినమున మేము ప్రసంగింపలేదు. క్లుప్తముగా ప్రార్థించి, మాతో వచ్చిన పెద్ద నొకరిని వెంటబెట్టుకొని షావుకారు ఇంటికి పోతిమి. ఆయన మన మతమువాడు కాడు. కుర్చీలు వేసి, కాఫీ ఇప్పించి, వచ్చిన పని విని, పద్దు పుస్తకము తెచ్చి మా ముందర పెట్టెను. "నాకు మాత్రం నిద్ర యాడుంది సామీ? వాన్ని నేను అడుగుతాండా, నన్ను పట్టు అమ్మినోళ్లు అడుగుతాండారు. అరల్లో చీరలు చూడండి" అనెను. మేము చూచితిమి. ఆయన చెప్పినది నిజమే. ఫరోను వెదకుచు పోయిన మాకు ఇటుకల లెక్క క్రింద నలిగిన ఇంకొక నాయకుడు కనబడెను. పని పెట్టిన ప్రతివాడును దుర్మార్గుడని తలంచి పోవువారికి ఈ మాట ఉపయోగపడునని వ్రాయుచున్నాము. అయినను ఆయన చేతిలో కొంత యుండెను. ఎంత చిన్న యజమానుని చేతిలోనైనను కొంత యుండును.

ఆయన చేసినవి పెద్ద కార్యములు కావు. నాలుగు నెలలు అడ్వాన్సు తరుగుడు ఆపెను. కష్టమైన బుటా చీరకు బదులు సాదా అంచు చీర ఇచ్చెను, దానికి గడువు పెట్టలేదు. కోత పడిన సంగతి పదిమంది ముందర కాక ఒంటరిగా చెప్పుటకు ఒప్పుకొనెను. డాక్టరు యొద్దకు పోవు దినమున మగ్గము ఇంకొకనికి ఇవ్వనని మాట ఇచ్చెను. ఈ చివరి మాట అన్నిటికంటె ఎక్కువ పనిచేసినదని మేము తలంచుచున్నాము. ఏలయనగా పని పోవునను భయమే సగము మందిని జబ్బు దాచుకొనునట్లు చేయుచున్నది. మా సహోదరుడు అనంతపురము ప్రభుత్వ ఆసుపత్రిలోని మనోవ్యాధుల వైద్యుని యొద్దకు పోయెను. మాత్రలు వేసుకొనిన మొదటి పది దినములు ఏమియు కనబడలేదు గనుక మానివేయుదునని కూర్చుండెను. భార్య మాననీయలేదు. రెండవ నెలలో నిద్ర పట్టసాగెను. బాకీ ఇంకను ఉన్నది.

కొందరు మమ్మును అడుగుదురు: అయ్యగారూ, దిగులునకు మాత్రలు మ్రింగుట అవిశ్వాసము కాదా? వారిని రాజుల మొదటి గ్రంథము పందొమ్మిదవ అధ్యాయమునకు రమ్మనుచున్నాము. కర్మెలు మీద అగ్నిని దింపిన ఏలీయా మరుదినములలోనే అరణ్యములో బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు నడిగెను. అతనికంటె విశ్వాసి ఎవరు? దేవదూత వచ్చి అతనికి బోధ చేయలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టెను, నీళ్లను ఇచ్చెను. అతడు తిని మరల పండుకొనగా నిద్ర పోనిచ్చెను. రెండవ మారు లేపి ఇంకను తినుమనెను. ముందున్న ప్రయాణము అతని శక్తికి మించినదని ఒప్పుకొనెను. హోరేబులో దేవుడు అతనిని ప్రశ్న వేసి, అతడు చెప్పినదంతయు విని, అతడు మరల అదే చెప్పినను వినెను. చివరకు ఎలీషాను అభిషేకింపుమని చెప్పెను. అనగా పని పంచుకొనుటకు ఇంకొక మనుష్యుని ఇచ్చెను. ఒంటరిగా మోయుచున్నవాని బరువులో సగము దించుట దేవుని చికిత్సలో భాగమైయున్నది. ఆహారము, నిద్ర, వినిపించుకొను చెవి, పనిలో తోడు. ఆ తరువాతనే ఏలీయా పనికి తిరిగి పోయెను.

పని పెట్టుకొనిన సహోదరులతో ఇప్పుడు కొంచెము సూటిగా మాటలాడుదుము. మీరు అంగడి గలవారై యుండవచ్చును, నలుగురు కూలీలతో పొలము చేయించువారై యుండవచ్చును, బడి నడుపువారై యుండవచ్చును, కంపెనీలో పదిమంది మీద అధికారియై యుండవచ్చును. మీ యొద్ద పనిచేయువానిలో మార్పు వచ్చిన మీకు తెలియును. నవ్వువాడు మౌనమగును. లెక్క తప్పనివాడు తప్పును. వేళకు వచ్చువాడు ఆలస్యమగును, లేక ఇంటికి పోనేపోడు. అన్నపు క్యారియరు విప్పకయే తిరిగి తీసుకొనిపోవును. చిన్న మాటకు కన్నీరు పెట్టును, లేక కొట్లాడును. త్రాగుడు మొదలుపెట్టును. రెండు వారములు దాటినను ఇట్లే యుండిన, అది పొగరు కాదు, సోమరితనము కాదు. అతనిని ఒంటరిగా పిలిచి, కూర్చుండబెట్టి, నిద్ర పట్టుచున్నదా, అన్నము సహించుచున్నదా అని అడుగుడి. కారణము చెప్పుమని మొదటనే నిలదీయకుడి. చచ్చిపోవలెనని తోచుచున్నదా అని అడిగిన ఆ తలంపు పుట్టునేమో యని భయపడుదురు. అట్లు పుట్టదని వైద్యులు చెప్పుచున్నారు. అడిగినందున అనేకులకు ఊపిరి తిరుగును. అవునని చెప్పినయెడల అతనిని ఒంటరిగా విడువక, ఇంటివారికి తెలియజేసి, ఆ దినమే వైద్యుని యొద్దకు తీసుకొని పోవలెను.

వైద్యుడు దూరమైన 14416 అను నంబరునకు ఫోను చేయవచ్చును. టెలి మానస్ అను పేరుతో కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న దీనిని ప్రారంభించెను. రాత్రింబగళ్లు పనిచేయును, డబ్బు లేదు, తెలుగులో మాటలాడుదురు. ఆ నంబరును గుడి గోడ మీదను, మీ అంగడిలో క్యాలెండరు ప్రక్కను పెద్ద అంకెలతో వ్రాయుడి. ప్రాణము తీసుకొనబోయి బ్రదికినవాని మీద పోలీసు కేసు పెట్టుదురను భయము మన పల్లెలలో ఇంకను కలదు. 2017లో చేయబడి 2018 నుండి అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య చట్టము, అట్టివాడు తీవ్రమైన ఒత్తిడిలో నుండెనని భావించి, శిక్షింపక సంరక్షణ ఇయ్యవలెనని చెప్పుచున్నది. 2024 జూలై 1 నుండి వచ్చిన క్రొత్త శిక్షా స్మృతిలో పాత నేరపు సెక్షను అట్లే కొనసాగింపబడలేదు. కాబట్టి దాచకుడి.

మనస్సు జబ్బునకు వైద్యము గొప్ప పట్టణములకే చెల్లునని తలంచువారు మన పొరుగు బళ్లారిని చూడవలెను. బెంగుళూరులోని నిమ్హాన్స్ వైద్యులు 1980వ దశకములో ఆ జిల్లాలోని సామాన్య ప్రభుత్వ డాక్టర్లకును ఆరోగ్య కార్యకర్తలకును శిక్షణ యిచ్చి, పల్లెల దగ్గరనే ఈ జబ్బులకు మందిప్పించిరి. ఆ మాదిరిని చూచియే 1996లో దేశమునకు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము వచ్చెను. మనవంటి ఎండిన నేలమీదనే, మనకు బస్సు దూరములోనే మొలిచిన చెట్టది.

దిగులు, ఆందోళన వలన లోకమంతట ఏటికి సుమారు 1,200 కోట్ల పనిదినములు పోవుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టినది. యజమానులకు నష్టపు లెక్క త్వరగా అర్థమగును గనుక దానిని చెప్పుచున్నాము. 2022లో ఆ సంస్థ ప్రకటించిన సలహాలలో మాకు నచ్చినదేమనగా, పనివానికి ధైర్యము చెప్పుటతో ఆగక, పని బరువును, పని వేళలను, పని చేయించు తీరును సరిచేయుడనియు, పై అధికారులకు శిక్షణ ఇయ్యుడనియు చెప్పుట. ఫరో యొద్దకు పొమ్మనుట గాక మరేమి? ఈ రోజులలో కొన్ని కంపెనీలు సంవత్సరమున కొకమారు ఉపన్యాసకుని పిలిపించి, మనశ్శాంతిని గూర్చి గంటసేపు చెప్పించి, మరునాడు అదే లెక్క ఇటుకలు అడుగుచున్నవని మా యౌవనస్థులు చెప్పగా వినుచున్నాము. కర్మాగారములలో దినపు పనివేళను తొమ్మిదినుండి పది గంటల వరకు పెంచుటకు 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గము నిర్ణయించినప్పుడు, పెట్టుబడులు వచ్చుననిరి. వచ్చిన మంచిదే. పదవ గంటలో ఆ మనుష్యుని ఊపిరి ఎంత పొడవున్నదో కొలుచువాడు కూడ ఒకడు కావలెను గదా.

బోయజు పొలమునకు వచ్చినప్పుడు మొదట పంట ఎంతయని అడుగలేదు. కోయువారిని దేవుని పేరిట పలుకరించెను, వారు తిరిగి దీవించిరి. భోజనవేళ పరదేశియగు రూతును పిలిచి కూర్చుండబెట్టెను. ద్వితీయోపదేశకాండము ఇరువది నాల్గవ అధ్యాయములో, కూలివాని కూలి ఆ దినమే సూర్యుడు అస్తమింపకమునుపు ఇయ్యవలెనని ఆజ్ఞ కలదు. కారణమేమి? అతడు బీదవాడు, అతని ప్రాణము దాని మీదనే పెట్టుకొనియున్నాడు. బాకీ కాదు, లెక్క కాదు, ప్రాణము! మోషే ధర్మశాస్త్రము జీతపు తేదీని మనస్సు ఆరోగ్యముతో ముడివేసినది. జీతము ఎప్పుడు వచ్చునో తెలియనివానికి రాత్రి నిద్ర యెట్లు పట్టును?

ఇచ్చటికి వచ్చిన తరువాత వేరొకరి సంగతి వ్రాయుచు పోవుట న్యాయము కాదు. సంఘము కూడ పని పెట్టునదే. మన గుడి ఊడ్చి గంట కొట్టు పెద్దాయన మన పనివాడు. బడిలో చిన్న జీతముతో చెప్పు ఉపాధ్యాయినులు, హాస్టలు వంటమనిషి, నాలుగు పల్లెలు సైకిలు మీద తిరుగు ఉపదేశకుడు, ఇల్లిల్లు తిరిగి వాక్యము చెప్పు బైబిలు స్త్రీ, వీరందరును మన పనివారే. ప్రభువు పని చేయుచున్నారు గనుక అలసట రాదనియు, దిగులు కలుగుట సేవకు తగదనియు మనము లోలోపల నమ్ముచున్నాము. ఆ నమ్మకముచేత వారు ఎవరితోను చెప్పుకొనలేరు. కానుక తక్కువైన నెలలో మొదట ఆగునది ఉపదేశకుని జీతమే. మైకు సెట్టు వాయిదా మాత్రము ఆగదు. ఒక ఉపదేశకుడు మూడు నెలలు జీతము లేక, ప్రతి ఆదివారము నిరీక్షణను గూర్చి బోధించి, ఇంటికి పోయి దీపమార్పి గోడవైపు తిరిగి పండుకొనెనని మేమెరుగుదుము. ఏ సంఘమో వ్రాయము. ఆ కమిటీవారు చదివిన గుర్తుపట్టుదురు.

మోషే కూడ అలసినవాడే. ఫరో యొద్దకు పొమ్మనినప్పుడు, ఇశ్రాయేలీయులే నా మాట వినలేదు, ఫరో ఎట్లు వినునని వెనుకకు జరిగెను. దేవుడు అతని ప్రక్కన అహరోనును నిలిపి ఇద్దరికిని కలిపి ఆజ్ఞ ఇచ్చెను. కాబట్టి ఒంటరిగా పోనక్కరలేదు.

ఈ నెల పాస్టరేటు కమిటీ కూడినప్పుడు లెక్కల పుస్తకము విప్పకమునుపు, మన పనివారి పేర్లు ఒక కాగితము మీద వ్రాయుడి. ఎవరికి ఎన్ని నెలల జీతము నిలిచియున్నదో పేరుకు ఎదురుగా వ్రాయుడి. గత ఆరు నెలలలో ఆ మనిషిని కమిటీలో ఎవరైనను ఇంటికి పోయి, పని సంగతి కాక, నిద్ర సంగతి అడిగితిరా లేదా అనునది దాని ప్రక్కన వ్రాయుడి. ఆ కాగితము చూచిన తరువాత మైకు సెట్టు సంగతి మాటలాడుకొనవచ్చును.